ఉంగరపు వేలి గుర్తు

ఆర్డిస్ రోజూ పొద్దున్నే కాఫీ పొయ్యి మీద పెట్టి, అది పొంగేలోపు ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ ఎలుగుల్ని పోల్చుకునే నాలుగు గుర్తులు చెప్పుకునేది. చూపుడువేలికి మూపురం. గ్రిజ్లీ జాతి ఎలుగుకి భుజాల మీద మూపురం ఉంటుంది, నల్ల ఎలుగుకి ఉండదు. నడిమివేలికి మొహం. గ్రిజ్లీ మొహం నుదుటికీ ముక్కుకీ మధ్య సొట్టపడి ఉంటుంది, నల్లదానిది తిన్నగా ఉంటుంది. ఉంగరపు వేలికి చెవులు. గ్రిజ్లీవి పొట్టిగా గుండ్రంగా, నల్లదానివి నిక్కబొడుచుకుని ఉంటాయి. చిటికెనవేలికి గోళ్ళు. గ్రిజ్లీ ముందుకాళ్ళ గోళ్ళు మనిషి వేలంత పొడుగు, లేత రంగు. నల్లదానివి పొట్టిగా, వంపుగా, నల్లగా ఉంటాయి.

రంగు మాత్రం గుర్తు కిందికి రాదు. నల్ల ఎలుగుల్లో గోధుమరంగువి ఉంటాయి, గ్రిజ్లీల్లో బొగ్గులాంటివి ఉంటాయి. ముప్ఫై ఏళ్ళపాటు ప్రతి వసంతంలో ఊళ్ళో ఫైరింజన్ షెడ్డులో వేటగాళ్ళనీ పళ్ళేరుకునేవాళ్ళనీ బెంచీల మీద కూర్చోబెట్టి ఆమె ఇదే చెప్పేది. "రంగు నమ్ముకున్నవాడు ఇంటికి రాడు. మీదికొచ్చేది గ్రిజ్లీ అయితే బోర్లా పడుకుని, మెడ వెనక చేతులు కట్టుకుని, చచ్చినట్టు ఉండండి. నల్లదైతే పడుకోకండి. చేతికి దొరికినదానితో మొహం మీద కొట్టండి. తారుమారు చేశారో, అంతే."

ఎనభై దగ్గరపడ్డాక పాఠాలు మానేసింది గాని గుర్తులు మానలేదు. పోయిన చలికాలం నుంచి మనుషుల పేర్లు, తారీఖులు, పొయ్యి మీద పెట్టిన గిన్నెలు జారిపోతున్నాయి. ఆ నాలుగూ చేతివేళ్ళ మీద ఉన్నంతకాలం తన బుర్ర తనదేనని ఆమె ధైర్యం.

ఆ ఆగస్టు పొద్దున మూపురం వచ్చింది. మొహం వచ్చింది. ఉంగరపు వేలు దగ్గర ఆగిపోయింది.

వేలు విప్పింది, మళ్ళీ ముడిచింది. అరిగి పలచబడ్డ పెళ్ళి ఉంగరం కనిపించింది. దానితో రావాల్సిన మాట రాలేదు. చిటికెనవేలు మాత్రం వెంటనే గోళ్ళు అని పలికింది. మధ్యలో పన్ను ఊడిన చోటులా ఒక ఖాళీ. దాన్నే తడుముకుంటూ నిలబడిపోయింది. కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయింది.

బయట ట్రక్కు హారన్ మోగింది.

"వదినా! ఇంకా ముస్తాబవుతున్నావా? నువ్వు పౌడరు రాసుకునేలోపు పళ్ళన్నీ ఎలుగులు మేసేస్తాయి!"

వచ్చింది వెల్డా, ఆర్డిస్ ఆడపడుచు. డెబ్భై దాటినా ఇంకా ట్రక్కు తనే తోలుతుంది, కట్టెలు తనే చీల్చుకుంటుంది. ఏటా ఇదే వారంలో ఇద్దరూ కలిసి కొండ మీదికి హకిల్‌బెర్రీ పళ్ళు ఏరడానికి వెళతారు. మిగతా ఏడాదంతా వెల్డాది ఒకటే పాట: ఇల్లు మూసేసి టౌన్లో తన దగ్గరికి వచ్చెయ్యమని. వంటింట్లో మాడువాసన వచ్చిందంటే ఆ పాట మళ్ళీ మొదలవుతుంది. ఆర్డిస్ పొయ్యి తుడిచి, కిటికీ తెరిచి, పళ్ళేరే డబ్బా నడుముకి కట్టుకుని గబగబా బయటికి వచ్చింది.

పక్క రాష్ట్రం ఐడహో వైపు అడవులు తగలబడి పదిరోజులు. పొగ లోయలోకి దిగి కదలకుండా కూర్చుంది. సూర్యుడు రాగి బిళ్ళలా, కంటితో చూడగలిగేలా ఉన్నాడు.

"ఏదీ, గుర్తులు చెప్పు వదినా. పరీక్ష," అంది వెల్డా స్టీరింగ్ తిప్పుతూ.

"నాకా పరీక్ష? నేను నేర్పితే కదే నీకొచ్చింది."

"అందుకే మరి. పంతులమ్మ తప్పితే చూడాలని నా చిరకాల కోరిక."

ఆర్డిస్ మూపురం అంది, మొహం అంది. మూడోదాని దగ్గర నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గింది. తేరుకుని గోళ్ళు అంది. "పాడు పొగ," అని కిటికీ అద్దం పైకెత్తింది.

వెల్డా నవ్వింది. ఏమీ పట్టుకోలేదు. ఒక్క మాట అడిగితే చెప్పేది. 'మూడోది ఏమిటే?' అని అడగడానికి ఆర్డిస్‌కి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే సాయంత్రానికల్లా సామాను సర్దిస్తుందని ఊరుకుంది.

వాళ్ళ పళ్ళ చోటు వెల్డా తాతగారు కనిపెట్టింది. దాన్ని అల్లుళ్ళకి కూడా చూపించలేదు. లార్చ్ చెట్ల మధ్య ఏటవాలు మీద, మనిషి నడుమెత్తు పొదలు. కింద అడవి రోడ్డు మీద వేరే బండి కనిపిస్తే ఆగకుండా ముందుకు పోయి, మలుపు దాటాక ఆపి, వెనక్కి నడిచి రావాలి. ఆ రోజూ ఓ నీలం ట్రక్కు ఆగి ఉంది. అలాగే చేశారు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మామూలుగా పొదల్లో నడిచేవాళ్ళు ఎలుగు ఉలిక్కిపడకుండా గట్టిగా కేకలేసుకుంటూ పోతారు. పరాయివాళ్ళు దగ్గర్లో ఉంటే మాత్రం ఈ ఇంటివాళ్ళు కేకలెయ్యరు. గొంతు వినబడితే చోటు తెలిసిపోతుంది.

వాగు దాటేచోట బురదలో ఓ ఎలుగు అడుగు కనిపించింది. తాజాది. అంచుల్లో నీరు ఇంకా ఊరుతోంది.

"ఏ ఎలుగో చూడు వదినా," అంది వెల్డా గొంతు తగ్గించి.

ఆర్డిస్ మోకాళ్ళ మీద కూర్చుని ఓ గడ్డిపరక తెంపింది. పెద్ద వేలి మొదట్లోంచి, అరికాలి దిండు పైఅంచుని ఆనుకుంటూ పరకని అడ్డంగా పెట్టింది. చివరి చిన్నవేలు పరకకి పైన ఉంటే ఒకటి, కిందికి జారితే ఇంకొకటి. చిన్నవేలు పైనే ఉంది. పైన ఉంటే... ఏది? వందసార్లు నల్లబల్ల మీద గీసి చూపించింది తనే.

"నల్లది," అంది మోకాళ్ళు దులుపుకుంటూ. "వెళ్ళిపోయుంటుంది."

"నువ్వన్నావంటే అంతే," అని వెల్డా ముందుకు నడిచింది.

పళ్ళు విరగకాశాయి. మొదట డబ్బాల అడుగున టక్ టక్‌మని, అడుగు నిండాక చప్పుడు లేకుండా పడుతున్నాయి. వేళ్ళు ఊదారంగుకి తిరిగాయి. మధ్యాహ్నం కావస్తుంటే వెలుగు పెరగాల్సింది పోయి తగ్గింది. గాలి మళ్ళి పొగ కొండ మీదికి ఎక్కింది. చెట్ల చివర్లు పోయాయి. తర్వాత మొదళ్ళు పోయాయి. అంతా పాత ఫొటోలోలా గోధుమరంగు. అప్పటిదాకా అరుస్తున్న ఉడుత ఎప్పుడు ఆపిందో తెలియదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఇదే ఏటవాలు మీద ఓరిన్ ఎలుగు చేతిలో పోయాడు. ఆర్డిస్ మొగుడు, వెల్డా అన్న. ఆ రోజూ కింద రోడ్డు మీద ఎవరిదో బండి ఉంది. మొగుడూ పెళ్ళాం మాట్లాడకుండా ఏరుకుంటున్నారు. ఊళ్ళో అందరికీ ఆర్డిస్ చెప్పినదేమిటంటే, ఓరిన్ పైన ఒంటరిగా ఉన్నాడని, తను చూసేసరికే అయిపోయిందని. వెల్డాకీ అదే చెప్పింది.

జరిగింది అది కాదు. ఓరిన్‌కి చూపు మందం. పదడుగుల దూరంలో పొదల్లోంచి ఎలుగు లేచినప్పుడు కదలకుండా నిలబడి, పెదవులు మెదపకుండా పెళ్ళాన్ని అడిగాడు. "ఏది, ఆర్డీ? పడుకోనా, కొట్టనా?" అది బొగ్గులా నల్లగా ఉంది. ఆర్డిస్ కొట్టమంది.

ఓరిన్ పళ్ళేరుకోడానికి ఖాళీ పందికొవ్వు రేకుడబ్బా ఒకటి మెడలో వేలాడేసుకునేవాడు. ఆకులు పైకి తేలడానికి దాన్ని మూడుసార్లు కుదిపి, అంచు మీద రెండుసార్లు తట్టేవాడు. వెతికినవాళ్ళకి ఆ డబ్బా దొరకలేదు.

మరుసటి వసంతం నుంచి ఆమె పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది.

గుప్పెడు పళ్ళు డబ్బాలో వేస్తూ ఆర్డిస్ ఆగింది. పైనుంచి ఏదో చప్పుడు. రేకుడబ్బాలో పళ్ళు కుదుపుతున్నట్టు... గలగల... గలగల... గలగల. తర్వాత, టక్. టక్.

"వెల్డా, నువ్వా?"

"నేనిక్కడున్నాను కదా." వెల్డా ఆమె వెనకే, రెండడుగుల్లో ఉంది. "ఎవరో మన చోటు కనిపెట్టేశారు వదినా. ఆ నీలం ట్రక్కువాళ్ళే. కదలకు."

ఇద్దరూ పొదల మధ్య వంగారు. వాసన వచ్చింది. తడి బొచ్చు వాసన, దాని కింద మురిగిన మాంసం కంపు. పొగలో ఇంత దట్టంగా ఇంకో వాసన తెలుస్తోందంటే చాలా దగ్గర్లో ఉన్నట్టే.

పొగలో ఒకచోట చీకటి మిగతా చోట్లకంటే చిక్కగా ఉంది. అది కదిలింది. నాలుగు కాళ్ళ మీద, తొందరేమీ లేకుండా, పళ్ళు మేస్తూ దిగుతోంది. నల్లగా, బొగ్గులా.

వెల్డా నడుముకున్న, ఎలుగుల్ని బెదరగొట్టే కారం స్ప్రే తీసి రెండు చేతులతో పట్టుకుంది. ఆర్డిస్ చెవి దగ్గరికి నోరు తెచ్చింది. "ఏది, వదినా? పడుకోవాలా, కొట్టాలా?"

ఆర్డిస్ రంగు చూడలేదు. చూపుడువేలు ముడిచింది. మూపురం... ఉంది. గుట్టలా ఉంది. నడిమివేలు. మొహం... పక్కకి తిప్పింది. సొట్ట ఉంది. చిటికెనవేలు. గోళ్ళు తెల్లగా, పొడుగ్గా, పొదల్ని దువ్వెనల్లా దువ్వుతున్నాయి. మూడు గుర్తులూ ఒకటే చెబుతున్నాయి.

"గ్రిజ్లీ," అంది ఊపిరితో. "పడుకో."

వెల్డా పడుకోలేదు. దాని తలకేసే చూస్తోంది.

"వదినా... దానికి చెవుల్లేవు."

ఆర్డిస్ ఆ మాట విన్నది. చెవులు. ఏదో పరాయి భాష మాటలా లోపలికి వచ్చి, దేనికీ తగలకుండా బయటికి పోయింది. దాని తల చూసింది. రెండు పక్కలా ఏదో ఉండాలి. ఏముండాలో తెలియలేదు. గాయం లేదు, కోసేసిన గుర్తు లేదు. అక్కడ బొచ్చు నున్నగా, ఎప్పుడూ అంతే అన్నట్టు ఉంది.

మళ్ళీ లెక్కపెట్టబోయింది. చూపుడువేలు... నడిమివేలు... చిటికెనవేలు... చిటికెనవేలికి ఏమిటి? ఇప్పుడే చూసింది కదా... ఇప్పుడే... దాని ముందుకాళ్ళ వైపు చూసింది.

మొద్దుగా ఉన్నాయి. పొదల్ని దువ్వుతున్నవేవీ లేవు.

అప్పుడు తెలిసింది ఆమెకి. తను ఒక్కోటి మర్చిపోతున్నకొద్దీ దానికి ఒక్కోటి ఊడిపోతోంది.

మూపురం, మొహం. మూపురం, మొహం. పళ్ళు బిగించి ఆ రెండూ పట్టుకుంది. అవి ఉన్నంతసేపే అది ఎలుగు. ఎలుగైతే ఏం చెయ్యాలో తెలుసు. మూపురం... మొహం... మూపురం... ఎవరి మొహం? ఓరిన్ మొహం ఎలా ఉండేది? ముక్కు? కళ్ళ రంగు? ఫొటో ఏ సొరుగులో పెట్టింది?

దాని భుజాల మీది గుట్ట మెల్లిగా కుంగింది.

అది వెనకకాళ్ళ మీద లేచి నిలబడింది.

ఎలుగు లేచి నిలబడితే ఎంత ఎత్తుంటుందో ఆర్డిస్‌కి తెలుసు. ఇది అంత ఎత్తు లేదు. ఆరడుగులకి కాస్త తక్కువ. ఒక భుజం వాలి ఉంది. మెడ నుంచి ఏదో వేలాడుతోంది. మొహం ఉండాల్సిన చోట పొగ తప్ప ఏమీ కనిపించలేదు.

గలగల... గలగల... గలగల. టక్. టక్.

వెల్డా చేతిలోని స్ప్రే మెల్లిగా కిందికి దిగింది.

"అన్నయ్యా?" అంది.

"వెల్డా, కాదే. పడుకో."

"అన్నయ్యే వదినా. మొహం చూడు. నీకు కనబడట్లేదా?"

ఆర్డిస్‌కి కనబడలేదు. ఎంత చూసినా అక్కడేమీ లేదు. కొంగు పట్టుకున్నట్టు వెల్డా కోటు అంచు పట్టుకుంది. పొదల మధ్య నుంచి గొంతు వచ్చింది. పెదవులు మెదపకుండా మాట్లాడే గొంతు.

"ఏది, ఆర్డీ? పడుకోనా... కొట్టనా?"

వెల్డా వెనక్కి తిరిగింది. పొగకి ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. చాలాసేపు వదిన మొహంలోకి చూసింది.

"నువ్వు ఆ రోజు ఇక్కడే ఉన్నావా?"

ఆర్డిస్ కోటు అంచుని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"చెప్పింది నువ్వా?"

"రంగు చూసి చెప్పాను," అంది ఆర్డిస్. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ మాట మొదటిసారి బయటికి వచ్చింది. "నల్లగా ఉందే... రంగు చూసి చెప్పేశాను."

వెల్డా ఆర్డిస్ వేళ్ళని తన కోటు మీంచి ఒక్కొక్కటే విడిపించుకుంది. గట్టిగా కూడా లాగలేదు. పొదలు తోసుకుంటూ పైకి నడిచింది.

"ఏది, ఆర్డీ?"

అది అడుగుతూనే ఉంది. కోపం లేదు, జాలి లేదు. అప్పుడెలా అడిగాడో అలాగే. జవాబు చెప్పేదాకా అడుగుతూనే ఉంటుందని ఆర్డిస్‌కి అర్థమైంది. ఏ రాత్రి నిద్రపట్టకపోయినా చెప్పుకున్న జవాబు అది. వేళ్ళ మీద లేకపోయినా నాలుక మీద ఉంది.

"పడుకో, ఓరిన్," అంది. "పడుకో."

నిలబడ్డది మోకాళ్ళ మీదికి వంగింది. బోర్లా పడుకుంది. మెడ వెనక చేతులు కట్టుకుంది. పక్కనే వెల్డా కూడా, చిన్నప్పుడు ఆటలో పడుకున్నట్టు, బుద్ధిగా పడుకుని చేతులు కట్టుకుంది. పొదలు వాళ్ళ మీద మూసుకున్నాయి. పొగ ఆ పొదల మీద మూసుకుంది.

గాలి తిరిగి పొగ విడిచేసరికి ఎంతసేపైందో తెలియదు. ఆర్డిస్ రోడ్డు మీద ఉంది. నీలం ట్రక్కువాళ్ళు ఆమెకి నీళ్ళు తాగిస్తున్నారు.

సాయంత్రం అటవీశాఖ వార్డెన్ డ్వేన్ వచ్చాడు, ఇద్దరు మనుషుల్ని, కుక్కల్ని వెంటబెట్టుకుని. కుర్రతనంలో ఫైరింజన్ షెడ్డులో ముందు బెంచీ మీద కూర్చుని ఆమె పాఠం విన్నవాడే. ఆ ఇంటివాళ్ళ పళ్ళ చోటుకి పరాయివాళ్ళని తీసుకెళ్ళడం అదే మొదటిసారి. దారి ఆర్డిసే చూపించింది. కుక్కలు వాగు దాటలేదు.

"ఏ ఎలుగు, టీచరమ్మా?" అన్నాడు డ్వేన్ మెల్లిగా.

ఆమె ఎడమచెయ్యి పైకెత్తింది. మూపురం, మొహం తేలిగ్గా వచ్చాయి. గోళ్ళు కూడా వచ్చాయి. ఉంగరపు వేలు అలాగే నిలబడి ఉంది.

డ్వేన్ పొదల్లోకి దిగాడు. వెల్డా డబ్బా నిటారుగా, అంచుదాకా నిండి, ఒక్క పండు కూడా ఒలక్కుండా దొరికింది. నెత్తురు లేదు. ఈడ్చిన జాడ లేదు. అతను టార్చి వేసి పొదల మధ్య తిరిగి, ఒకచోట ఆగి పిలిచాడు.

"ఎంతమంది ఉన్నారన్నారు మీరు?"

పొదలు నేలకి అణిగి ఉన్నాయి, మనుషులు పడుకుని లేచినట్టు. ఒకటి పొడుగ్గా. పక్కనే ఇంకొకటి, వెల్డా అంత. వాటికి కాస్త ఎడంగా మూడోది, పొట్టిగా, ముడుచుకుని.

"ఇదెవరిది?"

"నేను నిల్చునే ఉన్నాను," అంది ఆర్డిస్.

డ్వేన్ టార్చి వెలుగు ఆమె కోటు మీద పడింది. మోచేతుల మీద, రొమ్ము మీద, పొట్ట మీద, మోకాళ్ళ మీద, పళ్ళు నలిగిన ఊదారంగు. అతను వెలుగు పక్కకి తిప్పేశాడు.

రాత్రికి ఇంటి దగ్గర దింపాడు. తోడు ఎవరినైనా పంపమంటారా అని అడిగాడు, వద్దంది. వెళ్ళేముందు ఆమెని గడప దగ్గర దీపం వెలుగులో ఓసారి చూశాడు. ఏదో అడగబోయి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అలా చూశాడేమిటని ఆమె అనుకుంది.

పొయ్యి మీద పొద్దున్న పొంగిన కాఫీ మరక ఒక అంచున మిగిలి ఉంది. దాన్ని తుడిచింది. కుర్చీలో కూర్చుని వేళ్ళు ముడిచింది. మూపురం. మొహం. గోళ్ళు. ఉంగరపు వేలు దగ్గర ఆగి, ఉంగరాన్ని తిప్పుతూ చాలాసేపు కూర్చుంది.

వంటింటి గోడకున్న ఫోన్ మోగింది.

వెల్డా దొరికిందేమోనని గబుక్కున లేచి రిసీవరు తీసింది. దాన్ని తలదాకా ఎత్తింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఒక పక్కకి తెచ్చింది, మళ్ళీ రెండో పక్కకి తెచ్చింది.

ఎక్కడ ఆనించుకోవాలో తెలియలేదు.

రెండో చేత్తో తల పక్కన తడిమింది. జుట్టు. జుట్టు కింద ఇంకా జుట్టు. వేళ్ళు అక్కడినుంచి కిందికి జరగబోతుంటే చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

చేతిలోని రిసీవరులోంచి సన్నగా వినిపిస్తోంది... గలగల... గలగల... గలగల.